విరూపాక్షుని సన్నిధి వీధి

మా తారానగర్ తెలుగు కుటుంబములకు హంపి పరాయి ఊరు కాదు. 2021లో విజయనగర జిల్లా ఏర్పడువరకు అది మన బళ్లారి జిల్లాలోనిదే. రాయలవారి రాజధాని యని మనము గర్వింతుము. కాని ఆ తుంగభద్రాతీరమున మన కండ్లయెదుట జరిగిన ఒక మార్పును మనలో పెక్కురు గమనింపలేదు.

విరూపాక్షాలయ గోపురము మొదలు, తూర్పున మతంగ పర్వత పాదమునందలి ఏకశిలా నంది వరకు, ఇంచుమించు ముక్కాలు కిలోమీటరు పొడవున సన్నిధి వీధి కలదు. ఉత్తరమున నది, వీధికి ఇరుప్రక్కల రాతికంబముల మండపములు. శ్రీకృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భమున ఆలయమున రంగమండపము కట్టించినట్లు శాసనము తెలుపుచున్నది. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్, ఈ వీధిలో సుందరమైన ఇండ్లున్నవనియు, వానిలో యాత్రికులు బస చేయుదురనియు వ్రాసెను. అనగా ఆ వీధి జనులు నివసించుటకే ఏర్పడినది.

1565 యుద్ధానంతరము నగరము పాడుపడినను స్వామి పూజ నిలిచినది. కాలక్రమమున పేదజనులు కంబముల నడుమ గోడలు పెట్టుకొని కాపురములు చేసిరి. పూలు, కొబ్బరికాయలు అమ్మిరి. కాఫీ హోటళ్లు నడపిరి. ఉద్యోగపు రోజులలో మేమును దర్శనానంతరము అచ్చట కాఫీ త్రాగిన వారమే.

1986లో యునెస్కో హంపిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. 2002లో దాని సంరక్షణకు కర్ణాటక ప్రభుత్వము ప్రత్యేక శాసనము చేసెను. 2011 జూలై నెలాఖరున ఆ వీధిలోని ఇండ్లు, అంగళ్లు కూలద్రోయబడెను. 300కు పైగా కుటుంబములు చెదరినవి. వారికి కడ్డిరాంపురమున స్థలము చూపిరి. నేడు వీధి విశాలమై, అందరును స్వేచ్ఛగా తిరుగు బహిరంగ స్థలమైనది. కంబముల శిల్పము కంటికి నిండుగా కనబడుచున్నది.

మండపములను కాపాడవలసినదే, అందు మాకు సందేహము లేదు. కాని వీధిని వీధిగా నిలిపినవారు ఆక్రమణదారులని పేరొంది వెడలిరి. మనమును ఒకనాడు ఈ సీమకు వచ్చి స్థిరపడినవారమే. ఎన్ని తరములు కాపురమున్న, ఊరు మనదగును?

పిల్లలను హంపికి తీసికొని వెళ్లునప్పుడు రాతిరథము చూపుడు. తిరుగుదారిలో కడ్డిరాంపురమున ఒక్క ఘడియ ఆగి, అచ్చటి వృద్ధులచే ఆ వీధి కథయు చెప్పింపుడు. రాళ్లు చెప్పలేని చరిత్ర వారియొద్ద ఉన్నది.