ప్రతిరక్షకములు - వంశచిహ్నములు
రోగక్రిముల నెదిరించు ప్రతిరక్షకములు మన రక్తములో కలవు. అవి కొరవడిన ఒక బాలుని సంగతిని 1952లో అమెరికా వైద్యుడు బ్రూటన్ ప్రకటించెను. ఆ బాలునికి గామా గ్లోబ్యులిను బొత్తిగా లేదు. దానిని సూదిమందుగా నిచ్చి ఆయన కాపాడెను.

లోపములన్నియు ఇంత స్పష్టముగా నుండవు. ఐజీజీ ప్రతిరక్షకములు నాలుగు ఉపవర్గములని 1960 దశకమున తేలినది. మొత్తము సరిపోయినను ఒక ఉపవర్గము తగ్గియుండవచ్చును. అట్టి బిడ్డలలో కొందరు మాటిమాటికి చెవి, ఊపిరితిత్తుల వ్యాధులకు లోనగుదురు.

అంతకుముందే 1956లో స్వీడను శాస్త్రజ్ఞుడు రూనె గ్రబ్ ప్రతిరక్షకములపై వంశానుగతమగు 'జీఎం' గుర్తులను కనుగొనెను. వానిలో ఒక గుర్తు లేనివారికి రెండవ ఉపవర్గము తక్కువగా నుండుట పిదప తెలిసినది. అయినను వారిలో పెక్కురు ఆరోగ్యవంతులే. కావున ఆ గుర్తును మనము సూచనగా మాత్రమే గ్రహింపవలెను. బిడ్డ రోగచరిత్రను, టీకాకు రక్తము స్పందించు తీరును చూచియే వైద్యులు నిర్ణయింతురు.