స్వరానికీ స్వరానికీ మధ్య ఎంత ఖాళీ?

పోయిన సంక్రాంతికి నేరేడుచర్ల వెళ్ళినప్పుడు అక్క ఒక పని అప్పజెప్పింది. "నువ్వు కంప్యూటరోడివి కదరా, ఈ నోట్సు నీట్‌గా కొట్టిపెట్టు" అని. సాయంత్రాలు ఇంట్లో పిల్లలకి సంగీతం చెప్తుంది లెండి. స్వరం పైన, సాహిత్యం కింద, మధ్యలో తాళం గీతలు. గంటలో అయిపోతుందనుకున్నా. స్పేస్‌బార్ కొట్టి కొట్టి నాలుగు పేజీలు చేసి, మిర్యాలగూడలో ప్రింటు తీయించా. అక్కడి మెషీన్లో నా ఫాంటు లేదు. వేరే ఫాంటులోకి మారిపోయి స్వరాలన్నీ పక్కకి జరిగాయి. ఆ కాగితం చూసి పాడితే మూడో దెబ్బలో పడాల్సిన అక్షరం నాలుగో దెబ్బలో పడుతోంది. అక్క ఏమీ అనలేదు, మళ్ళీ చేత్తో రాసుకుంది. తిట్టినా బాగుండేది.

అప్పట్నించీ ఈ ఖాళీల చరిత్ర తవ్వుతున్నా.

మనకి అచ్చులో స్వరలిపి అనగానే గుర్తు రావాల్సింది 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. సుబ్బరామ దీక్షితులు (1839-1906) రాశారు. 1904లో ఎట్టయాపురం విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చయింది. ఎట్టయాపురం ఎక్కడో తిరునల్వేలి వైపు, పుస్తకం మాత్రం తెలుగులో! ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండొందలకి పైగా స్వరాలతో సహా ఇందులో ఉన్నాయి. ఈ పుస్తకం రావడానికి వెనకాల నిలబడి పట్టుబట్టినవాళ్ళలో చిన్నస్వామి ముదలియార్ ఒకరు. ఆయన అప్పటికే, 1890ల మొదట్లో, మన కృతుల్ని పాశ్చాత్యుల అయిదు గీతల పద్ధతిలో అచ్చువేయడం మొదలుపెట్టాడు.

ఈ రెండు పుస్తకాల్ని పక్కపక్కన పెట్టుకుంటే తేడా భలే ఉంటుంది. అయిదు గీతల పద్ధతిలో నోటు ఎంతసేపో దాని ఆకారం చెప్తుంది, పక్కనున్న ఖాళీ కంటికి సాయం చేస్తుంది. మన పద్ధతిలో కాలం అక్షరంలోనే ఉంది. 'స' అంటే ఒక అక్షరకాలం, 'సా' అంటే రెండు, పైన గీత పెడితే సగం. చిన్నప్పుడు బడిలో బట్టీ కొట్టిన లఘువు, గురువు లెక్కే ఇది. దీక్షితులు దీనికి తోడు గమకాలకి కూడా గుర్తులు పెట్టారు. కంపితం, స్ఫురితం, నొక్కు, జారు... ఒక్కోదానికీ ఒక్కో గుర్తు. సీసం అక్షరాలు ఒక్కొక్కటిగా పేర్చే రోజుల్లో, స్వరం మీద గమకం గుర్తు, దాని కింద సాహిత్యం, ఇవన్నీ నిలువునా ఒకే వరసలో నిలబెట్టిన కంపోజిటర్లకి దణ్ణం పెట్టాలి. వాళ్ళ పేర్లు మాత్రం మనం ఎవరం తలుచుకోం.

ఇక కంప్యూటర్ల సంగతి. డొనాల్డ్ నూత్ 1978లో టెక్ బయటపెట్టాడు. పేరాని ఒక్కో లైనుగా కాకుండా మొత్తంగా చూసి ఎక్కడ విరవాలో లెక్కేసే పద్ధతి అందులో అసలు గొప్ప. దానిమీద డేనియల్ టోపాన్, ఇంకొందరు కలిసి 1990లలో మ్యూజిక్స్‌టెక్ కట్టారు. అందులో ఖాళీ ఎంతో మనమే చెప్పాలి. 'నోట్స్' అనే ఆదేశంలో పెద్దక్షరాలు ఎన్ని ఎక్కువుంటే అంత ఎక్కువ ఖాళీ. (నవ్వకండి, నిజంగానే అంతే.) తర్వాత ప్రోగ్రాం ఒకసారి కొలతలు రాసుకుంటుంది, రెండోది లైన్లు సర్దుతుంది, మూడోసారి పేజీ తయారవుతుంది.

ఆ చెప్పే పని కూడా లేకుండా చేసింది 1996లో ఇద్దరు డచ్చి కుర్రాళ్ళు మొదలుపెట్టిన లిలీపాండ్. నోటు వ్యవధి రెట్టింపైతే ఖాళీ రెట్టింపు కాదు, ఒక స్థిరమైన మొత్తం కలుస్తుంది. అతి చిన్న నోటుకి 2 పాళ్ళయితే, దానికి రెట్టింపుకి 3, నాలుగు రెట్లకి 4. చేత్తో లోహపు రేకుల మీద చెక్కేవాళ్ళు కూడా కంటి అంచనాతో దాదాపు ఇలాగే చేసేవాళ్ళు. లేకపోతే ఒక్క పొడుగు నోటుకే సగం లైను పోతుంది.

ఇది చదివి ఎగిరి గంతేశా. ఇదే సూత్రం అక్క నోట్సుకి పెట్టి చూశా. ఘోరం! లైను అందంగా ఉంది కానీ తాళం పోయింది. అక్క పిల్లలు చూపుని దెబ్బ నుంచి దెబ్బకి వేస్తారు. ఆదితాళంలో ఎనిమిది దెబ్బలూ సమానంగా కనపడకపోతే వేలు తడబడుతుంది. వ్యవధిని అక్షరం ఎలాగూ చెప్తోంది కాబట్టి, ఖాళీ చెప్పాల్సింది తాళాన్ని. నా మట్టుకు నాకు తేలిన విషయం ఇదే.

అందుకని మార్చి రాశా. మామూలు టెక్స్ట్ ఫైలులో స్వరం ఒక వరస, సాహిత్యం ఒక వరస. ప్రోగ్రాం పేజీలో అన్నిటికన్నా వెడల్పయిన దెబ్బని వెతికి, మిగతా దెబ్బలన్నిటికీ అదే వెడల్పు ఇస్తుంది. సాహిత్యంలో సంయుక్తాక్షరాలు నాలుగు ఒకే దెబ్బలో ఇరుక్కుంటే పేజీ మొత్తం సాగిపోతుంది, నిజమే. అప్పుడు ఆవర్తనాన్ని లఘువు దగ్గర విరిచి, నాలుగు దెబ్బలు ఒక లైను, రెండు ద్రుతాలు ఇంకో లైను చేశా. ఫాంటు గొడవ లేకుండా పీడీఎఫ్ చేసి పంపా.

తారస్థాయి చుక్క మాత్రం ఇంకా లొంగలేదు. 'రి' మీద గుడి, ఆ గుడి మీద చుక్క. రెండూ గుద్దుకుంటున్నాయి. అక్క ఆ చుక్కల్ని ఎర్రపెన్నుతో పెట్టుకుని పాఠం చెప్పేస్తోంది.