కారులో మంద్రధ్వని

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రోడ్లమీద పాట పెట్టుకొని కారు పోతూవుంటే మాటలు వినపడవు. అడుగున మ్రోగే మంద్రధ్వని మాత్రం బయటికి వస్తుంది. దానిని పుట్టించే సబ్‌వూఫరు పెట్టె డిక్కీలో ఇమడటం వెనుక కొంత చరిత్ర వున్నది.

1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ నేటి లౌడుస్పీకరుకు మూలరూపం తయారుచేశారు. అందులోని కాగితపు గరాటు ముందుకు కదిలితే ఎదుటి గాలి ఒత్తుకుంటుంది, వెనుక గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిస్తే మంద్రధ్వని అణగిపోతుంది. కలవకుండా అడ్డుకోవటానికి బీరువాలంతటి పెట్టెలు కావలసివచ్చాయి. 1954లో ఎడ్గార్ విల్చర్ పెట్టెను బిగించి మూసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. ఆయన ఇళ్ళకోసం చేశాడు; కార్లకూ అక్కరకు వచ్చింది.

మరి ఎక్కడ పెట్టాలి? సెకనుకు 80 కంపనాల ధ్వనికి తరంగదైర్ఘ్యం సుమారు 4.25 మీటర్లు. పెట్టె వెనుకతలుపుకు మీటరు దూరంలో వుంటే, తలుపుకు తగిలి తిరిగివచ్చే తరంగం దాదాపు సగం తరంగదైర్ఘ్యం వెనుకబడి అసలు ధ్వనిని తగ్గిస్తుంది. ఎంత ఖరీదైన పెట్టె అయినా అంతే! తలుపు దగ్గరకు జరిపితే ఈ నష్టం మంద్రస్థాయిని దాటి పై స్వరాలకు పోతుంది. అందుకే డిక్కీ, సీట్లు ఒకే గదిగావున్న కారులో పెట్టెను చివరకంటా జరిపి, ముఖం వెనుకకు త్రిప్పి చూడాలి. ఆపైన జానెడు అటూ ఇటూ జరుపుతూ ముందుసీటులో కూర్చుని వినటమే.