పాత సంగీత సాఫ్ట్‌వేరు, కొత్త కంప్యూటరు

విద్యుద్వాద్యములును కంప్యూటర్లును పరస్పరము సంభాషించుటకు ఉమ్మడి మార్గముగా మిడి అను ప్రమాణము 1983లో ఏర్పడిన రెండేండ్లకు, అటారీ సంస్థ తన ఎస్‌టీ కంప్యూటరునకు మిడి పోర్టులను ముందుగనే అమర్చి విక్రయించుటచే, ఆ యంత్రము స్టూడియోలలో సంగీతజ్ఞులకు మిక్కిలి ప్రీతిపాత్రమయ్యెను. కార్ల్ స్టైన్‌బర్గ్, మాన్‌ఫ్రెడ్ ర్యూరుప్ అను నిరువురు 1984లో జర్మనీదేశపు హాంబర్గు నగరమున స్థాపించిన స్టైన్‌బర్గ్ సంస్థ, 1989లో తన క్యూబేస్ ప్రోగ్రామును మొదట వెలువరించినది ఈ యంత్రముకొరకే. ఫ్లాపీకి దొంగప్రతి తీయుట సులభమగుటచే, డాంగిల్ అను చిన్న ఉపకరణమును కార్ట్రిడ్జి పోర్టునందు గుచ్చినగాని ప్రోగ్రాము నడువకుండునట్లు వారు కట్టడి చేసిరి.

ఐబీఎమ్ తరహా కంప్యూటర్లలో చిక్కు వేరొక రూపము దాల్చెను. 1987లో డాస్‌పై వెలువడిన కేక్‌వాక్ వంటి ప్రోగ్రాములను నెలకొల్పువాడు తన మిడికార్డునకు పోర్టు చిరునామాను, కార్డు ప్రాసెసరును పిలుచుటకు వాడు ఐఆర్‌క్యూ సంఖ్యను తానే నిర్ణయింపవలసివచ్చెడిది. రెండు కార్డులు ఒకే సంఖ్యను కోరినచో శబ్దము రాకుండుటయో, యంత్రము స్తంభించుటయో సంభవించెడిది. అప్పుడు పెట్టె మూత విప్పి కార్డుపై జంపర్లు అను చిన్న తొడుగులను మార్చుట తప్పెడిది కాదు.

విండోస్ 95తో ఈ క్లేశము కొంత తగ్గినను, కాలక్రమమున ప్రోగ్రాములకు ఆధారమైన భూమియే కదలసాగెను. 32 బిట్ల ప్రోగ్రామునకు 16 బిట్ల ఇన్‌స్టాలరు జతపడియున్న సందర్భములు ఆ దశకమున తరచు కలవు; 64 బిట్ల విండోస్ 16 బిట్ల ప్రోగ్రాములను నడుపనేరదు గనుక, నడువగల ప్రోగ్రాము సయితము గడప దాటజాలక నిలిచిపోవును. ఆపిల్ సంస్థ 2002లో ఎమాజిక్ సంస్థను కొని, దాని లాజిక్ సంగీత ప్రోగ్రాముయొక్క విండోస్ ప్రతిని నిలిపివేసెను. 2011లో తన మాక్ వ్యవస్థయొక్క లయన్ ప్రతితో పాత పవర్‌పీసీ ప్రాసెసర్లకు వ్రాయబడిన ప్రోగ్రాములకును, 2019లో కెటలీనా ప్రతితో 32 బిట్ల ప్రోగ్రాములకును తన యంత్రములయందు తావు లేకుండజేసెను. కావున పాత ప్రోగ్రామును నెలకొల్ప బూనినవాడు మొదట ఇన్‌స్టాలరు ఎన్ని బిట్లదో, పిదప డ్రైవరు ఏ విండోస్‌కు వ్రాయబడినదో, తుదకు అనుమతి ఎచ్చటినుండి లభింపవలెనో వరుసగా విచారించుట మేలు. మొదటి రెండు చిక్కులకు వర్చువల్ మెషీన్‌లో 32 బిట్ల విండోస్‌ను నడుపుట తరచు పరిష్కార మగును. మూడవదానికి అట్టి ఉపాయము సాధారణముగా లేదు.

ఏలయన, తరువాతి ప్రోగ్రాములకు అంతర్జాలముద్వారా అనుమతి నిచ్చెడి సర్వరు ప్రోగ్రాము కొన్నవాని వశమున లేదు. స్టైన్‌బర్గ్ సంస్థ 2025లో తన ఇలైసెన్సర్ సేవను ముగించినప్పుడు, యూఎస్‌బీ డాంగిల్‌నందు అదివరకే నెలకొన్న అనుమతులు చెల్లుచుండగా, నూతన యంత్రముపై అనుమతిని మరల నమోదు చేయు మార్గము మూతపడెను. అటారీ నాటి డాంగిల్ ఎంత విసుగు పుట్టించినను, యంత్రమును ఫ్లాపీయు చెడకున్నంతవరకు ఒరుల అంగీకారము కోరదు. కొనుగోలుదారుని అవిశ్వసించి కల్పించిన ఆ మోటు సాధనమే, వానిని నమ్మితిమని చెప్పుకొనిన తరువాతి పద్ధతులకంటె వానికి ఎక్కువకాలము తోడ్పడుచున్నది.