కన్నాట్ ప్లేస్: ముఖభాగం ఒకటే, యజమానులు అనేకులు

దేశ రాజధాని నడిబొడ్డున ఉన్న కన్నాట్ ప్లేస్ చూపరులకు వలయాకారంలో కట్టిన ఒకే తెల్లని సౌధంగా కనిపిస్తుంది. నిజానికి అది పక్కగోడలు కలిపి నిర్మించిన అనేక భవనాల వరుస. దీని తొలి ఆలోచన డబ్ల్యూ.హెచ్. నికల్స్‌ది. ఆయన 1917లో భారతదేశాన్ని వీడగా, ప్రజాపనుల శాఖ ప్రధాన వాస్తుశిల్పి రాబర్ట్ టోర్ రసెల్ తుదిరూపం ఇచ్చారు. 1929లో మొదలైన నిర్మాణం 1933 నాటికి ముగిసింది.

ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో ఉన్న రాయల్ క్రెసెంట్‌ను దీనికి నమూనాగా చెబుతారు. జాన్ వుడ్ ద యంగర్ 1767-1774 మధ్య అర్ధచంద్రాకారంలో కట్టించిన 30 ఇళ్ల వరుస అది. వుడ్ రూపొందించింది ముఖభాగాన్ని మాత్రమే. దాని వెనుక ఇంటిని ఎవరికి నచ్చినట్లు వారు కట్టుకున్నారు. అందుకే ముందు నుంచి రాజభవనంలా ఉండే ఆ వరుస వెనుక నుంచి చూస్తే అతుకుల బొంతే! ఈ పద్ధతి రీజెన్సీ కాలంలోనూ, ఆ తరువాతి దశాబ్దాల్లోనూ బ్రైటన్ వంటి పట్టణాలకు వ్యాపించింది. అక్కడ రాతికి బదులు ఇటుక గోడలపై తెల్లని గచ్చుపూత వేశారు. ఆ లెక్కన కన్నాట్ ప్లేస్ ఆకృతి బాత్‌దే అయినా, పూత మాత్రం బ్రైటన్‌ను తలపిస్తుంది. ఢిల్లీ ఎండకు తగిన నీడనిచ్చే స్తంభాల వసారా, కింద దుకాణాలు, మీద నివాసాలు ఇక్కడి ప్రత్యేకత.

ముఖభాగం ఉమ్మడి, ఇల్లు సొంతం అనే ఈ ఏర్పాటు తగవులకు తావిస్తుంది. 1970లలో రాయల్ క్రెసెంట్‌లో ఒక ఇంటి యజమానురాలు తలుపుకు పసుపు రంగు వేయించగా పెద్ద వివాదమే నడిచింది. చివరికి ఆమెదే పైచేయి అయింది.

కన్నాట్ ప్లేస్‌లో సమస్య రంగుతో ఆగలేదు. ఒకరి డాబాపై పెరిగే బరువు ఉమ్మడి గోడ ద్వారా పొరుగువారి పైనా పడుతుంది. 2017 ఫిబ్రవరిలో ఇక్కడ పైకప్పులు పాక్షికంగా కూలడంతో న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్ డాబాలపై నడుస్తున్న రెస్టారెంట్లను మూయించింది. 2010 కామన్వెల్త్ క్రీడల సందర్భంగా చేపట్టిన పునరుద్ధరణ ప్రధానంగా స్తంభాలకు, బయటి గోడలకు, వసారాలకు సంబంధించినది. లోపలి మరమ్మతు యజమానుల వంతు. అయితే 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం కింద నెలకు 3,500 రూపాయలు మించని పాత అద్దెలకు రక్షణ ఉంది. అంత తక్కువ రాబడి వచ్చే యజమాని తొంభై ఏళ్ల నాటి దూలాలను మార్పించడానికి ముందుకు రావడం అరుదు.