సముద్రతల రాడార్ పరిక్షేపణం

సముద్రతల రాడార్ పరిక్షేపణం అనగా కదులుతున్న సముద్ర ఉపరితలంపై పడిన రాడార్ తరంగాలు వివిధ దిశలలో చెదరిపోవడం. అందులో కొంత భాగం తిరిగి రాడార్‌ను చేరుతుంది. ఈ తిరుగు సంకేతం నావికులకు ఆటంకం. చిన్న పడవ నుండి వచ్చే బలహీన సంకేతం అలల సంకేతంలో కలిసిపోయి కనబడకుండా పోతుంది. సముద్ర శాస్త్రజ్ఞులకు అదే సంకేతం గాలిని, ప్రవాహాన్ని, అలల ఎత్తును తెలిపే ఆధారం. ఆటంకాన్ని తొలగించడానికైనా, సమాచారాన్ని గ్రహించడానికైనా పరిక్షేపణానికి సరియైన గణిత నమూనా అవసరం.

చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఓడల రాడార్ తెరలపై సముద్రపు సంకేతం పెద్ద సమస్యగా పరిణమించింది. 1955లో న్యూజీలాండ్‌కు చెందిన డగ్లస్ క్రాంబీ, 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల తరంగాలు సముద్రం నుండి తిరిగి వచ్చినప్పుడు వాటి పౌనఃపున్యం సుమారు 0.38 హెర్ట్జ్ మేర మారుతున్నదని కనుగొన్నాడు. ఈ మార్పు కొద్దికొద్దిగా విస్తరించక, ఒక నిర్దిష్ట విలువ వద్దనే కేంద్రీకృతమై ఉండడం విశేషం. 1972లో డొనాల్డ్ బారిక్ ఈ దృగ్విషయానికి సమగ్ర సిద్ధాంతాన్ని అందించాడు.

భౌతిక సూత్రం

13.56 మెగాహెర్ట్జ్ తరంగపు దైర్ఘ్యం సుమారు 22 మీటర్లు. సముద్రంపై అన్ని పొడవుల అలలూ ఉన్నప్పటికీ, నీటికి దాదాపు సమాంతరంగా వచ్చే ఈ రాడార్ తరంగానికి ప్రధానంగా స్పందించేవి 11 మీటర్ల అలలు మాత్రమే. శిఖరాల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగమైతే, రాకపోకల ప్రయాణంలో ఏర్పడే తేడా సరిగా ఒక తరంగదైర్ఘ్యానికి సమానమవుతుంది. అందువలన శిఖరాలన్నింటి నుండి వచ్చే సంకేతాలు ఒకదానినొకటి బలపరచుకుంటాయి. స్ఫటికాలలో ఎక్స్ కిరణాలకు వర్తించే బ్రాగ్ నియమం వంటిదే కనుక దీనిని బ్రాగ్ పరిక్షేపణం అంటారు.

లోతైన నీటిలో అల వేగం దాని పొడవు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 11 మీటర్ల అల సెకనుకు సుమారు 4.2 మీటర్లు కదులుతుంది. డాప్లర్ ప్రభావం వలన ఈ వేగమే క్రాంబీ చూసిన 0.38 హెర్ట్జ్ మార్పును కలిగిస్తుంది. రాడార్ వైపు వచ్చే అలలు పౌనఃపున్యాన్ని పెంచుతాయి, దూరంగా పోయేవి తగ్గిస్తాయి. నీరే ప్రవాహంగా కదులుతుంటే రెండు విలువలూ ఒకే దిశలో జరుగుతాయి. ఆ జరుగుబాటు నుండి ప్రవాహ వేగాన్ని లెక్కిస్తారు. ఒక రాడార్ తన దృష్టిరేఖ వెంబడి వేగాన్ని మాత్రమే కొలవగలదు. కావున పూర్తి దిశ తెలియడానికి కనీసం రెండు రాడార్లు కావాలి.

ముఖ్య నమూనాలు

దర్పణ నమూనా: కిరణాలు దాదాపు నిట్టనిలువుగా పడినప్పుడు ఉపరితలాన్ని చిన్నచిన్న అద్దాల సమూహంగా భావిస్తారు.

స్వల్ప విచలన నమూనా: అలల ఎత్తు రాడార్ తరంగదైర్ఘ్యం కంటే చాలా తక్కువగా ఉన్నప్పుడు వర్తిస్తుంది. బ్రాగ్ నియమం దీని నుండి లభిస్తుంది.

ద్విపరిమాణ నమూనా: పెద్ద అలల వాలుపై చిరుతరగలు స్వారీ చేస్తున్నట్లు భావిస్తారు. సంకేతాన్ని ఇచ్చేవి చిరుతరగలు. వాటిని వంచేవి, మోసుకుపోయేవి పెద్ద అలలు. 1968లో అమెరికాలో రైట్, సోవియట్ యూనియన్‌లో బాస్, ఫుక్స్ మొదలైనవారు దీనిని ప్రతిపాదించారు.

గణాంక నమూనాలు: సంకేత తీవ్రత ఏ విలువలను ఎంత సంభావ్యతతో పొందుతుందో తెలుపుతాయి. పడవలను గుర్తించే రాడార్లలో వీటిని వాడతారు.

ఉపయోగాలు

గాలి చిరుతరగలను పెంచుతుంది. అందుచేత ఉపగ్రహం నుండి తిరుగు సంకేతాన్ని వేర్వేరు దిశలలో కొలిచి గాలి వేగాన్ని, దిశను నిర్ణయించవచ్చును. 1978లో అమెరికా ప్రయోగించిన సీశాట్ ఈ పద్ధతిని అంతరిక్షం నుండి సముద్ర పరిశీలనకు ఉపయోగించింది. శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఓషన్‌శాట్-2 (2009), స్కాట్‌శాట్-1 (2016), ఓషన్‌శాట్-3 (2022) ఇటువంటి పరికరాలను మోసుకుపోయాయి. ఓషన్‌శాట్-2 రాడార్ తరంగదైర్ఘ్యం సుమారు 2.2 సెంటీమీటర్లు. ఏటవాలు చూపు వలన దానికి స్పందించేవి దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల తరగలు.

పరిమితులు

రాడార్ చూపు నీటికి దాదాపు సమాంతరంగా ఉన్నప్పుడు, ముఖ్యంగా తరంగదైర్ఘ్యం కొద్ది సెంటీమీటర్లే అయితే, అలల శిఖరాలు వెనుక పల్లాలను మరుగుపరుస్తాయి. విరిగిపడే అలలు క్షణకాలం పడవను పోలిన బలమైన సంకేతాన్ని ఇస్తాయి. వీటిని బ్రాగ్ నియమం వివరించలేదు. భారీ వర్షం కూడా కొలతను చెడగొడుతుంది. తుఫాను గాలులు మిక్కిలి తీవ్రమైనప్పుడు గాలి పెరిగినా సంకేతం అంతగా పెరగదు. ఆ కారణంగా తీర ప్రాంతాలకు అత్యంత అవసరమైన సందర్భంలోనే ఈ కొలతల విశ్వసనీయత తగ్గుతుంది.

ఇవి కూడా చూడండి

రాడార్
డాప్లర్ ప్రభావం
తుఫాను