పటం అంచున ఉన్న దేశం

సంచికకు వ్యాసం పంపమని మన సంఘం కార్యదర్శి ఫోను చేసి, "బడి జ్ఞాపకాలు అందరూ రాస్తారు, నువ్వు ఇంజనీరువి కదా, ఏదైనా సాంకేతిక విషయం రాయరా" అన్నాడు. వాడు నన్ను క్షమించాలి. నేను రాస్తున్నది ఆటల చరిత్ర. దానికి కారణం మాత్రం మన బడిలోనే ఉంది.

1984 ఆగస్టు. నేను తొమ్మిదో తరగతి. లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్న రోజులు. డ్రిల్లు మాస్టారు పేపరు పట్టుకుని క్లాసుకి వచ్చారు. పతకాల పట్టికలో మన దేశం పేరే లేదు. "పతకం రాని దేశాలు అసలెందుకు వెళ్తాయి మాస్టారూ?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. (అడిగింది నేనేనని ఒక మిత్రుడు ఇప్పటికీ వాదిస్తాడు.) మాస్టారు జవాబు చెప్పలేదు. గోడ మీది ప్రపంచ పటంలో ఫిజీని చూపించమన్నారు. ఎవరికీ దొరకలేదు. చివరికి ఆయనే కుడివైపు అంచున, మేకు కొట్టిన చోటికి దగ్గర్లో, నాలుగు చుక్కలు చూపించి "వీళ్ళు కూడా వెళ్ళారు" అన్నారు.

ఆ చుక్కల్లో మూడు వందలకు పైగా దీవులున్నాయి. జనాభా ఈనాటికీ పది లక్షల లోపే. బ్రిటిష్ వలసగా ఉండగానే, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి ఫిజీ సొంత జట్టుతో వెళ్ళింది. 1964, 1980 తప్ప ప్రతిసారీ వెళ్ళింది. అరవై ఏళ్ళపాటు ఒక్క పతకం కూడా లేకుండా తిరిగొచ్చింది. మంచు ఎరుగని దేశమైనా 1988లో కాల్గరీ శీతాకాల ఒలింపిక్స్‌కి రుసియాతే రొగొయావా అనే స్కీయింగ్ ఆటగాణ్ణి పంపింది. ఆయన నార్వేలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతూ స్కీయింగ్ నేర్చుకున్నాడు. మా శాఖ వాడే కాబట్టి ఈ ఒక్క వాక్యం అదనంగా రాసుకున్నాను.

అలాగని ఫిజీ వాళ్ళు ఆటల్లో వెనకబడ్డవారనుకుంటే పొరపాటు. 1950లో ఆక్లాండ్‌లో జరిగిన బ్రిటిష్ ఎంపైర్ క్రీడల్లో మతైకా తుయిచకావు షాట్‌పుట్‌లో బంగారు పతకం గెలిచాడు. పసిఫిక్ దీవుల క్రీడలు మొదలైంది 1963లో ఫిజీ రాజధాని సువాలోనే. ఇక వాళ్ళ ప్రాణం రగ్బీ. అందులోనూ ఏడుగురు ఆడే సెవెన్స్. పెద్ద మైదానంలో ఏడేసి నిమిషాల రెండు భాగాలు, ఆగకుండా పరుగు. పల్లెల్లో ప్లాస్టిక్ సీసానే బంతిగా చేసుకుని పిల్లలు ఆడతారు. 1997లో, 2005లో సెవెన్స్ ప్రపంచ కప్పు వాళ్ళదే. మరి పతకం ఎందుకు రాలేదు? ఆ ఆట ఒలింపిక్స్‌లో లేదు, అంతే. పదిహేనుగురి రగ్బీని 1924 తరవాత తీసేశారు. సెవెన్స్‌ని చేర్చాలని 2009లో నిర్ణయించారు, 2016 నుంచి ఆడించారు. మీటరు ఏది కొలవడానికి తయారైందో అదే కొలుస్తుంది. మన బడి వెనక మైదానంలో కబడ్డీ కూతకు ఊరంతా గుమిగూడేది. ఆ కబడ్డీకి ఏషియాడ్‌లో చోటు దొరికింది 1990లో. ఒలింపిక్ పతకం దానికి ఇంకా లేదు.

ఫిజీ దారికి అడ్డుపడింది ఆటల జాబితా ఒక్కటే కాదు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి కూలి ఒప్పందాల మీద ఓడలెక్కినవారిలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఫిజీ చెరకు తోటల్లో ఐదేళ్ళ గిర్మిట్ చేసి, ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. భారతీయ సంతతికీ మూలవాసులకూ మధ్య పెరిగిన దూరం 1987లో సైనిక తిరుగుబాటుగా బయటపడింది. వేలమంది భారతీయులు దేశం విడిచారు. ఫిజీ కామన్వెల్త్ సభ్యత్వం పోయింది. అందువల్ల 1990, 1994 కామన్వెల్త్ క్రీడలు తప్పిపోయాయి. 2006లో మళ్ళీ తిరుగుబాటు. ఆ ఫలితంగా 2010లో ఢిల్లీ క్రీడలకూ రాలేకపోయారు. మైదానంలోనూ ఆ గీత కనపడేది. రగ్బీ మూలవాసులది, ఫుట్‌బాల్ ఎక్కువగా భారతీయులది.

మొదటి బంగారం ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలామందికి తెలియదు. 2012 లండన్ పారాలింపిక్స్‌లో ఇలియేసా దెలానా హైజంప్‌లో గెలిచాడు. మూడేళ్ళ వయసులో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న మనిషి. మొదటి ముగ్గురూ 1.74 మీటర్లే దూకారు. దెలానా మొదటి ప్రయత్నంలోనే దాటాడు కాబట్టి బంగారం అతనికి దక్కింది. వెండి దక్కింది మన కర్ణాటక కుర్రాడు గిరీశకి.

2016లో నేను ఒక ప్రాజెక్టు పని మీద ఎనిమిది నెలలు ఆక్లాండ్‌లో ఉన్నాను. నా పక్క సీటు అతను ఫిజీలో పుట్టాడు. ముత్తాతది విశాఖపట్నం జిల్లా అని మాత్రమే తెలుసు, ఊరి పేరు తెలియదు. ఇంట్లో మిగిలిన తెలుగు రెండు మూడు మాటలే. మాట్లాడేది ఫిజీ హిందీ. 1987 తరవాత తండ్రి అన్నీ అమ్ముకుని న్యూజిలాండ్ వచ్చేశాడట. ఆ సంగతి ఒకసారి చెప్పాడు, మళ్ళీ ఎత్తలేదు.

రియోలో సెవెన్స్ ఫైనల్ ఆగస్టు 11 సాయంత్రం. మాకు 12 ఉదయం, ఆఫీసు వేళ. అవతలి జట్టు బ్రిటన్, 1970 దాకా ఫిజీని ఏలిన దేశం. ఆ ఫిబ్రవరిలోనే విన్‌స్టన్ తుపాను ఫిజీలో 44 మందిని బలి తీసుకుంది. కోచ్ బెన్ రయాన్ ఇంగ్లీషువాడు. చేరిన కొత్తలో కొన్ని నెలలు జీతమే అందకపోయినా ఉండిపోయాడు. సింగతోకా ఇసుక దిబ్బల మీద కుర్రాళ్ళను పరిగెత్తించాడు. స్కోరు 43-7. పోటీ అనదగ్గది ఏమీ జరగలేదు. పతకాలిచ్చిన బ్రిటన్ రాకుమారి ఆన్ ముందు ఆటగాళ్ళు మోకాళ్ళ మీద కూర్చున్నారు. జట్టులో భారతీయ సంతతి వాడు ఒక్కడూ లేడు. మా పక్క సీటు అతను కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండా "మావాళ్ళు గెలిచారు" అన్నాడు. దేశం వదిలి అప్పటికి ముప్పై ఏళ్ళు కావస్తోంది.

అదే రియోలో ఫిజీ ఫుట్‌బాల్ జట్టు జర్మనీ చేతిలో 10-0తో ఓడింది. ఆ జట్టు చేసిన ఒకే ఒక్క గోలు మెక్సికో మీద, కొట్టింది లబాసా వాడైన రాయ్ కృష్ణ. తరవాత అతను మన ఐఎస్ఎల్‌లో ఆడాడు, మీలో ఫుట్‌బాల్ చూసేవాళ్ళకు తెలిసే ఉంటుంది.

టోక్యోలో మళ్ళీ బంగారమే. కోవిడ్ వల్ల విమానాలు లేక చేపల సరుకుతో పోయే విమానంలో వెళ్ళి గెలిచొచ్చారు. మహిళల జట్టు కాంస్యం తెచ్చింది. పారిస్ ఫైనల్లో ఫ్రాన్స్ 28-7తో ఓడించేదాకా ఫిజీ పురుషుల జట్టు ఒలింపిక్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

రియో విజయానికి గుర్తుగా 2017లో ఫిజీ రిజర్వు బ్యాంకు ఏడు డాలర్ల నోటు తెచ్చింది, మీద జట్టు కెప్టెన్ కొలినిసావు, కోచ్ రయాన్ బొమ్మలతో. ఆ పక్క సీటు మిత్రుడు నాకొకటి కవరులో పంపాడు. స్వర్ణోత్సవానికి వచ్చేటప్పుడు తెస్తాను. డ్రిల్లు మాస్టారు వస్తున్నారని విన్నాను.